హైదరాబాద్ వచ్చాక కూడా కాలిఫోర్నియా పన్ను కోత: నాకు పనిచేసిన దారి

కంపెనీ కాంట్రాక్ట్ మీద కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి హైదరాబాద్ వచ్చేశాం. అయినా డబ్ల్యూ-2లో (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్ను కోతల పత్రం) ఏడాది జీతమంతా కాలిఫోర్నియా కిందే చూపించి, పన్ను కోసేశారు. విదేశీ జీతానికి ఫెడరల్ (అమెరికా కేంద్ర పన్ను) మినహాయింపు, ఇండియాలో కట్టిన పన్నుకి క్రెడిట్, ఈ రెండు దారులూ మూసుకుపోయాయి. కాలిఫోర్నియా వాటిని ఒప్పుకోదు.

ముందు పేరోల్ వాళ్ల దగ్గర విదేశీ పోస్టింగ్ మొదలైన తేదీతో లెటర్ తీసుకున్నాను. అది చూపించి సవరించిన డబ్ల్యూ-2సీ అడిగాను. 16వ బాక్స్‌లో రాష్ట్ర జీతం తగ్గి వచ్చాకే రిటర్న్ ముట్టుకున్నాను. రాష్ట్ర నివాసులు వేసే మామూలు 540 ఫారం కాదు, ఏడాదిలో కొంతకాలమే అక్కడున్న పార్ట్-ఇయర్ రెసిడెంట్‌గా 540ఎన్‌ఆర్ ఫారం వేశాను. కీలకమంతా దానికి జతచేసే షెడ్యూల్ సీఏలో ఉంది. ఫెడరల్‌లో మినహాయించిన జీతాన్ని ‘సి’ కాలమ్‌లో తిరిగి కలపాలి, ఎందుకంటే పన్ను రేటు మొత్తం ఆదాయాన్ని బట్టి తేలుతుంది. చివరి ‘ఇ’ కాలమ్‌లో మాత్రం బయల్దేరే దాకా వచ్చిన జీతం, అక్కడ చేసిన పనికి తర్వాత అందిన బోనస్ వేశాను. ఆ బోనస్ వదిలేయకండి, అది కాలిఫోర్నియా ఆదాయమే.

రీఫండ్ వచ్చింది.

అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. నాది ఉద్యోగ కాంట్రాక్ట్ కాబట్టి 546 రోజుల సేఫ్ హార్బర్ (బయట ఉన్న కాలానికి కాలిఫోర్నియా నివాసిగా లెక్కించని రూల్) వర్తించింది: వరుసగా అన్ని రోజులు బయట ఉండాలి, ఏ ఏడాదిలోనూ తిరిగి వెళ్లిన రోజులు 45 దాటకూడదు, వడ్డీ, డివిడెండ్ల లాంటి ఆదాయం 2 లక్షల డాలర్లు మించకూడదు. అమ్మానాన్నల కోసం ఉద్యోగం మానేసి వచ్చినవాళ్లకి ఈ రూల్ పనికిరాదు. వాళ్లు ఇంకా కాలిఫోర్నియా నివాసులేనా అని తేల్చడానికి ఇల్లు, లైసెన్స్, ఓటు ఎక్కడున్నాయో అన్నీ చూస్తారు. వాళ్లు సీపీఏని (అమెరికా లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) అడగడమే మేలు. టెక్సాస్, ఫ్లోరిడా నుంచి వచ్చినవాళ్లకి రాష్ట్ర ఆదాయపన్నే లేదు గనక ఈ టెన్షన్ ఉండదు.