ఎండలు ముదరకముందే: తిండి మానేసిన టరాంటులా పిల్లకు వేసవి జాగ్రత్తలు

శివరాత్రి దాటిందంటే వరంగల్, హనుమకొండ ఇళ్లలో గదులు వేడెక్కడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటడం మామూలే. రామగుండం, మంచిర్యాల వైపు బొగ్గు గనుల ప్రాంతంలో ఎండ సంగతి చెప్పక్కర్లేదు. టరాంటులా, అంటే ఒంటినిండా వెంట్రుకలుండే పెద్ద సాలీడు, దాని పిల్లలను పెంచుకునేవాళ్లకు సరిగ్గా ఈ రోజుల్లోనే టెన్షన్ పట్టుకుంటుంది: "పది రోజులైంది, ఏం వేసినా ముట్టట్లేదు."

నా జవాబు ముందే చెప్తాను. పది రోజులు తిననంత మాత్రాన పిల్ల చనిపోదు. నీళ్లు అందక, గది వేడికి, దోమల మందుకు, ఎలాగైనా తినిపించాలని మనం పడే ఆరాటానికి చనిపోతుంది. ఈ నాలుగూ మన చేతిలో ఉన్నవే. అయితే ఎండలు ముదిరాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి.

ముందు పొట్ట చూడండి

పిల్ల తిండి మానేసిందనగానే చూడాల్సింది దాని వెనక భాగాన్ని, అంటే పొట్టను. పొట్ట గుండ్రంగా, ముందు భాగం కంటే పెద్దగా ఉబ్బి, చర్మం సాగినట్టు నిగనిగలాడుతుంటే అది కుబుసం విడవడానికి సిద్ధమవుతోంది. కర్లీ హెయిర్ లాంటి అమెరికా జాతుల పిల్లల్లో పొట్ట మీద వెంట్రుకలు పలచబడ్డ చోట చర్మం మొదట లేత రంగులో ఉంటుంది. కుబుసం దగ్గరపడేకొద్దీ అదే చోటు నల్లబడుతుంది. లోపల కొత్త చర్మం, కొత్త వెంట్రుకలు తయారవుతున్నాయి కాబట్టి ఆ నలుపు. కొన్ని పిల్లలు మట్టి నెట్టి బొరియ మూతి మూసేసుకుంటాయి. తలుపేసుకుని పడుకున్నదాన్ని లేపి అన్నం పెట్టాల్సిన పని లేదు. రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల దాటినా పరవాలేదు. పెద్ద టరాంటులాలైతే నెలల తరబడి తినకుండా ఉంటాయి. పిల్లలకు అంత నిల్వ ఉండదు గానీ పొట్ట నిండుగా ఉన్నంతకాలం భయం లేదు.

పొట్ట చిన్నబోయి, ముడతలు పడి, ముందు భాగం కంటే సన్నగా కనిపిస్తే మాత్రం ఆ రోజే కదలాలి. అప్పుడైనా ముందు ఇవ్వాల్సింది నీళ్లే, తిండి తర్వాత. సాలీడు కాళ్లు చాచేది లోపలి ద్రవం ఒత్తిడితో. కాళ్లు ముడవడానికి కండరాలున్నాయి, పెద్ద కీళ్ల దగ్గర చాచడానికి లేవు. ఒంట్లో తడి తగ్గితే ఆ ఒత్తిడి పడిపోయి కాళ్లు కడుపు కిందికి ముడుచుకుపోతాయి. అలా ముడుచుకోవడం మొదలైన పిల్లను నీటి చుక్క అంచున నోరు తగిలేలా కూర్చోబెట్టండి. నోరు కిందివైపు, కోరల వెనక ఉంటుంది. నీళ్లలో ముంచొద్దు. మట్టిని ఒక పక్క బాగా తడిపి, డబ్బాను చల్లని చోట పెట్టి కొన్ని గంటలు వదిలేయండి.

వెల్లకిలా పడితే ముట్టుకోవద్దు

కుబుసం విడిచేటప్పుడు టరాంటులా సన్నని గూడు పరుచుకుని దాని మీద వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిపోయిందనుకుని బయట పారేసినవాళ్లున్నారు. చనిపోయే టరాంటులా సాధారణంగా నిలబడ్డ తీరులోనే ఉండి కాళ్లు లోపలికి ముడుచుకుంటుంది. వెల్లకిలా పడింది పనిలో ఉన్నట్టు లెక్క. చిన్న పిల్లకు కొద్దిసేపట్లో అయిపోవచ్చు, పెద్దదానికి గంటలు పడుతుంది. ఆ సమయంలో డబ్బా కదపడం, ఊదడం, మీద నీళ్లు చల్లడం, చిమ్టాతో పాత చర్మం లాగడం ఏదీ చేయొద్దు. కొత్త చర్మం మెత్తగా ఉంటుంది, గీరుకుంటే చాలు ద్రవం కారిపోతుంది.

అందుకే తిండి మానేసిన పిల్ల డబ్బాలో ప్రాణమున్న పురుగు ఒక్కటి కూడా ఉండకూడదు. కీచురాయి ఆకలేస్తే కుబుసంలో ఉన్న పిల్లనే కొరుక్కు తింటుంది. మీల్‌వార్మ్ (మేతగా వేసే పిండిపురుగు) మట్టిలోకి దూరి కనపడకుండా పోతుంది, తర్వాత పైకొచ్చి అదే పని చేస్తుంది. వారానికి ఒకసారి, పిల్ల పొట్ట కంటే చిన్నదైన పురుగును చంపి, లేదా మీల్‌వార్మ్ ముక్క కోసి బొరియ మూతి దగ్గర పెట్టండి. మర్నాటికి తినకపోతే తీసేయండి. అది ఉంటే బూజు, బూజు వెంట పేనులాంటి చిన్న పురుగులు వస్తాయి. రోజూ కొత్త పురుగు మార్చి మార్చి పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

డబ్బా, మట్టి, నీళ్లు

"అడవి జీవి కదా, ఎండ తట్టుకోదా" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అడవిలో అది ఎండను తట్టుకోదు, తప్పించుకుంటుంది. మధ్య అమెరికా నుంచి వచ్చిన కర్లీ హెయిర్ నేలలో బొరియలోకి దిగుతుంది. మన నంద్యాల, గిద్దలూరు అడవుల్లోని నీలి గుత్తి టరాంటులా చెట్టు తొర్రలో దాక్కుంటుంది. అందుకే మన గడ్డ మీదిది కాబట్టి వేడి ఓర్చుకుంటుందని కూడా అనుకోవద్దు. డబ్బాలో ఉన్నదానికి పారిపోయే దారి మనమే ఇవ్వాలి.

నేల మీద తిరిగే జాతి పిల్లకు డబ్బాలో సగం కంటే ఎక్కువ కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) నింపండి. నర్సరీల్లో దొరికే ఇటుక చాలు, ఎరువు కలపనిదే కావాలి. లోతు మట్టితో రెండు లాభాలు: బొరియ అడుగున చల్లగా, తడిగా ఉంటుంది, పైన ఎత్తు తగ్గుతుంది కాబట్టి మూత ఎక్కి జారినా పొట్ట పగలదు. తొర్రల్లో ఉండే జాతికి నిలువు డబ్బా, నిలబెట్టిన బెరడు ముక్క కావాలి.

నీళ్లు పోయడానికి ఇన్సులిన్ సిరంజి లాంటి సాధనం ఇంకోటి లేదు. కొత్త సిరంజి సూది తీసేసి, డబ్బా గోడను ఆనించి ఒక మూల మెల్లగా వదలండి. గోధుమ రంగు మట్టి నల్లబడుతూ కిందికి దిగడం డబ్బా బయటి నుంచి కనిపిస్తుంది. అడుగు దాకా నలుపు చేరితే ఆపేయండి. పైన సగం పొడిగా, ఒక పక్క అడుగు తడిగా ఉండాలి. మొత్తం బురద చేస్తే గాలి ఆడక పిల్ల గోడలెక్కి వేలాడుతుంది. సీసా మూత లోతు లేనిది ఒకటి నీళ్లగిన్నెగా పెట్టండి. స్పాంజి వద్దు, దుర్వాసన తప్ప ఉపయోగం లేదు. చలికాలంలో వారానికోసారి చూసిన తడిని వేసవిలో రోజూ చూడాలి. పిల్లల ఒంటి తడి పెద్దవాటికంటే తొందరగా ఆరిపోతుంది.

వేడి సంగతి

24 నుంచి 29 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 32 దాటితే గమనిస్తూ ఉండాలి, 35 దాటితే ప్రమాదం. డబ్బా పక్కనే చిన్న డిజిటల్ థర్మామీటరు పెట్టుకోండి. గోడ మీదిది చాలదు, ఎందుకంటే ఒకే గదిలో అల్మారా పై అరకూ నేలకూ తేడా తెలిసిపోతుంది. పడమటి గోడ, కిటికీ పక్క, ఫ్రిజ్ పైన, టీవీ వెనక పెట్టొద్దు. డాబా కింది గది రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంది, రేకుల ఇల్లైతే మధ్యాహ్నమే భరించలేం. రెండంతస్తులుంటే కింది అంతస్తు, నడి గది, కిందనే. పగలంతా నేల మీద ఒక చెక్క దిమ్మ వేసి దాని మీద పెట్టినా మంచిదే.

కూలర్ ఉన్నవాళ్లు గాలి సూటిగా డబ్బా మీదికి రాకుండా చూసుకోండి, మట్టి పూటలో ఎండిపోతుంది. కూలర్ నీళ్లలో సెంటు, ఫినాయిల్ కలిపే అలవాటు ఈ ఏడాది మానేయండి. ఏసీ గదిలో చల్లదనం బాగుంటుంది, తడి మాత్రం గుంజేస్తుంది.

గాలిదుమారం వచ్చి సాయంత్రం కరెంటు పోతే గంటలు గడుస్తాయి. అప్పుడు ఉపయోగపడేది రంజన్, అంటే నీళ్లు చల్లబరిచే మట్టి కుండ. నీళ్లు నిండిన రంజన్‌ను ఆనించి డబ్బా పెట్టి, చుట్టూ తడిపి పిండిన గోనె సంచి కప్పండి. గాలి రంధ్రాలు మూసుకోకూడదు. ఐస్ ముక్కలు డబ్బాలో వేయడం, కాసేపని ఫ్రిజ్‌లో పెట్టడం వద్దే వద్దు. రోహిణి కార్తె దాకా ఈ ఏర్పాటు సిద్ధంగా ఉంచుకోండి.

మందులు, చీమలు

దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే లిక్విడ్, బొద్దింకల స్ప్రే, లక్ష్మణరేఖ చాక్‌పీసు, ఇవన్నీ పురుగులను చంపడానికి చేసినవి. సాలీడుకూ అంతే. పిల్ల ఉన్న గదిలో ఏదీ వాడొద్దు, దోమతెర కట్టుకోండి. వానలు మొదలయ్యాక వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి, డబ్బాను లోపలి గదికి మార్చండి. పిల్ల వణుకుతూ, తూలుతూ, కాళ్లు తడబడుతూ నడిస్తే మందు తగిలిందేమోనని అనుమానించాలి. వెంటనే వేరే డబ్బా, కొత్త మట్టి, మంచినీళ్లు, మంచి గాలి. అంతకుమించి మనం చేయగలిగింది లేదు.

పత్తి, మిరప చేలలో, వీధి లైట్ల కింద పట్టిన మిడతలను కూడా పెట్టొద్దు. వాటి ఒంట్లో ఏ మందు ఉందో చూసి చెప్పలేం. పురుగులు ఇంట్లో పెంచినవో, పెంపకందారు దగ్గర కొన్నవో అయి ఉండాలి.

వేసవిలో చీమలు తడి వెతుక్కుంటూ వస్తాయి. ఎర్ర చీమల బారు ఒక్క రాత్రిలో పిల్లను తినేస్తుంది. పాల గిన్నెకు చేసినట్టే పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో బోర్లించిన గిన్నె మీద డబ్బా పెట్టండి. డబ్బా గోడకు ఆనకూడదు, కర్టెన్ తగలకూడదు. పళ్లెంలో నీళ్లు పొద్దున, సాయంత్రం చూడాలి, ఎండకు ఇట్టే ఆరిపోతాయి.

సెలవులకు ఊరెళ్తే

పిల్లను వెంట తీసుకెళ్లడం కంటే ఇంట్లోనే ఉంచి, రోజూ ఒకసారి వచ్చి చూసే మనిషికి అప్పజెప్పడం నయం. ఆ మనిషికి నీళ్ల పని, చీమల పళ్లెం, కరెంటు పోతే గోనె సంచి, ఈ మూడే చెప్పండి. తిండి పెట్టమనొద్దు. తప్పనిసరిగా తీసుకెళ్లాల్సి వస్తే తెల్లవారుజామున బయల్దేరండి, ఆగి ఉన్న కారులో ఒక్క పది నిమిషాలు కూడా వదలొద్దు. అమెరికా జాతుల్లో చాలావరకు పొట్ట మీది వెంట్రుకలను రాల్చి విసురుతాయి, కంట్లో పడితే మంట, వాపు. పసిపిల్లలున్న ఇంట్లో డబ్బా తెరిచాక చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

కుబుసం విడిచాక కోరలు మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా, ఆఖరికి నల్లగా అవుతాయి. నల్లబడేదాకా తిండి పెట్టొద్దు. చిన్న పిల్లకు సుమారు వారం, కాస్త పెద్దదానికి పది రోజుల నుంచి రెండు వారాలు. మొదటి తిండిగా చంపిన పురుగే పెట్టండి, అది కూడా సాయంత్రం, గది చల్లబడ్డాక. నీళ్లగిన్నె మాత్రం మొదటి రోజు నుంచే నిండుగా ఉండాలి.