మురుగునీటి నాచు: చెరువు పచ్చగా ఉన్నా నూనె ఎందుకు రాదు?

ఇక్కడ చెప్పేది మురుగునీటిలో నాచు పెంచి, దాని నూనెతో బయోడీజిల్ చేయాలనుకునేవారి కోసం, సుమారు 30 సెంటీమీటర్ల లోతున్న, తెడ్డు చక్రంతో నీరు తిరిగే చెరువుల గురించి. 1950లలో కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ బృందం రూపుదిద్దిన పద్ధతి ఇది.

మధ్యాహ్నం దాటితే పెరుగుదల ఆగిపోతోంది

పిహెచ్‌ను ఉదయం ఒక్కసారే చూసి సరిపెట్టుకుంటే కారణం దొరకదు. ఉదయం 8 ఉన్నది ఎండ ముదిరాక 10 దాటుతుంది. కిలో నాచుకు దాదాపు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి; మురుగునీటిలో నత్రజని దండిగా ఉన్నా కార్బన్ అంత ఉండదు. అది అయిపోగానే పిహెచ్ ఎగబాకుతుంది. 25 డిగ్రీల వద్ద పిహెచ్ 9.25 దాటితే నీటిలోని అమ్మోనియంలో సగానికి పైగా అమ్మోనియా వాయువుగా మారి నాచుకే విషమవుతుంది. కొంత గాలిలో కలిసిపోతుంది. అలా తగ్గిన నత్రజనిని నాచే తిన్నదని లెక్క రాసుకోవద్దు.

పరిష్కారం: పిహెచ్ 8 దాటగానే కార్బన్ డయాక్సైడ్ వదలండి. జనరేటర్ పొగ, బయోగ్యాస్ శుద్ధిలో మిగిలే వాయువు కూడా పనికొస్తాయి. ఆమ్లం పోస్తే అంకె దిగుతుంది గానీ ఆకలి తీరదు.

రెండు రోజుల్లో నీరు తేటపడింది

నాచును మేసే జీవులు చేరాయి. గాజు గ్లాసులో నీళ్లు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఎగిరెగిరి పడే చుక్కలు డాఫ్నియా. వాటిని సన్నటి వలతో వడకట్టవచ్చు. రాటిఫర్లనే అతి చిన్న జీవులయితే సూక్ష్మదర్శినిలో గాని కనబడవు. వాటిపై ఇందాకటి అమ్మోనియానే ఆయుధం: కొన్ని గంటలపాటు పిహెచ్ పెంచి, మళ్లీ దించండి. కణాలకు చిన్న పూసల్లా శిలీంధ్రం అంటుకుని అవి పాలిపోతుంటే మాత్రం చెరువు ఖాళీ చేసి, కడిగి, కొత్త విత్తనంతో మొదలుపెట్టడమే మేలు.

సేకరణకే కరెంటంతా పోతోంది

లీటరుకు అర గ్రాము నాచు ఉంటే కిలో కోసం 2,000 లీటర్లు వడకట్టాలి. కణాలు కొన్ని మైక్రాన్లే. పైగా రుణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే వేగంగా తిప్పి నాచును వేరుచేసే సెంట్రిఫ్యూజ్ చివరి మెట్టుగా ఉండాలి. ముందు కణాలను గడ్డలుగా కట్టించి అడుగున పేరుకోనివ్వండి. పటిక పనిచేస్తుంది, కానీ అల్యూమినియం ముద్దలోనే ఉండిపోతుంది. సున్నంతో పిహెచ్ 11 దగ్గరకు తెచ్చినా, నీటిలో మెగ్నీషియం ఉంటే గడ్డలు కడతాయి. మోతాదును ముందు సీసాల్లో తేల్చుకోండి. గడ్డలు మునగకుండా తేలుతున్నాయా? వాటిని తేల్చేవి ఎండలో విడుదలైన ఆక్సిజన్ బుడగలు, తెల్లవారుజామున సేకరించండి. పేరుకున్న దానిలో కొంత తిరిగి చెరువులో వేస్తుంటే, త్వరగా మునిగే జాతులే నిలదొక్కుకుంటాయని న్యూజిలాండ్ పరిశోధకులు చూపారు.

నూనె శాతం తక్కువ

నత్రజని నిండిన నీటిలో నాచు ప్రొటీన్ కడుతుంది, కొవ్వు కాదు. నత్రజని ఆపితే శాతం పెరుగుతుంది, కానీ పెరుగుదల కుంటుపడుతుంది. 1978–96 మధ్య సాగిన అమెరికా ప్రభుత్వ నాచు ఇంధన కార్యక్రమం తేల్చిన ముఖ్య విషయాల్లో ఇదొకటి. కాబట్టి శాతాన్ని వదిలి, చదరపు మీటరుకు రోజుకు ఎన్ని గ్రాముల నూనె వచ్చిందో చూడండి. నూనెను కరిగించి తీసే హెక్సేన్‌లో దిగిన పచ్చరంగునూ నూనెగా తూకం వేయకండి. అందులో క్లోరోఫిల్ ఉంటుంది.

బయోడీజిల్ కోసం నూనెకు క్షారం కలిపితే సబ్బు కడుతోందంటే తడి ముద్ద వేడిలో నిలవ ఉండి, కొవ్వు ఆమ్లాలు విడిపోయాయన్నమాట. సేకరించిన వెంటనే ఆరబెట్టండి లేదా ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. అప్పటికే పాడైతే ముందు ఆమ్లంతో ఎస్టరీకరణ, అంటే విడిపోయిన కొవ్వు ఆమ్లాలను ఆల్కహాల్‌తో కలిపి ఎస్టర్లుగా మార్చడం, చేయాలి.

ఇన్ని చేసినా లెక్క తేలకపోతే ముద్దను బయోగ్యాస్‌కు మళ్లించండి. స్పెయిన్‌లోని చిక్లానాలో మురుగునీటి నాచుతో చేసిన బయోమీథేన్‌తో కార్లు నడిపారు.