ఫ్లూ టీకా: ఎవరికి, ఎప్పుడు, వేయించుకున్నాక ఏమి గమనించాలి

ఫ్లూ టీకా వేయించుకోవాలా వద్దా అని ఆలోచించేవారు, ఆ టీకా నుంచి తాము ఏమి ఆశిస్తున్నారో ముందుగా తేల్చుకోవాలి. ఏడాది పొడవునా జలుబు, దగ్గు దరిచేరకూడదన్నదే ఆశ అయితే నిరాశ తప్పదు. మామూలు జలుబు తెచ్చిపెట్టే రైనోవైరస్‌ల వంటివాటిపై ఈ టీకా పనిచేయదు. ఇది ఫ్లూను కలిగించే ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లను మాత్రమే ఎదుర్కొంటుంది. ఆ ఇన్‌ఫ్లుయెంజా విషయంలోనైనా, టీకాలోని రకాలు ఆ ఏడు వ్యాపిస్తున్న వైరస్‌లతో బాగా సరిపోలిన సంవత్సరాలలో, వైద్యుడి దగ్గరకు వెళ్లవలసినంత జబ్బు వచ్చే అవకాశం సుమారు 40 నుంచి 60 శాతం మేరకు తగ్గుతుంది. ఇంతేనా అని పెదవి విరిచేవారు మరో సంగతి చూడాలి. టీకా వేయించుకున్న తరువాత కూడా ఫ్లూ సోకినవారిలో అది న్యుమోనియాగా ముదరడం, ఆసుపత్రిలో చేరవలసి రావడం, ప్రాణాల మీదికి రావడం టీకా లేనివారి కంటే తక్కువ. నా దృష్టిలో ఈ టీకా వేయించుకోవడానికి అసలు కారణం ఇదే.

ఫ్లూ ఆరోగ్యవంతులైన చాలామందిలో వారం రోజులలో తగ్గిపోతుంది కాబట్టి దాన్ని తేలికగా తీసుకోవడం సహజం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 30 నుంచి 50 లక్షల మందిలో అది తీవ్రరూపం దాలుస్తుంది. 2,90,000 నుంచి 6,50,000 మంది శ్వాసకోశ సమస్యలతో మరణిస్తారు. 65 ఏళ్లు దాటినవారు, ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ఆస్తమా, మధుమేహం, గుండె లేదా మూత్రపిండాల జబ్బులు ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. ఫ్లూ సోకిన తొలి వారంలో గుండెపోటు ముప్పు గణనీయంగా పెరుగుతుంది కనుక గుండెజబ్బు ఉన్నవారు ఈ టీకాను నిర్లక్ష్యం చేయకూడదు. గర్భిణి వేయించుకుంటే ఆమె శరీరంలో తయారైన యాంటీబాడీలు గర్భస్థ శిశువుకు చేరి, పుట్టిన తరువాత కొన్ని నెలల పాటు కాపాడతాయి. ఆరు నెలలలోపు బిడ్డకు నేరుగా ఈ టీకా వేయడానికి వీలులేదు కాబట్టి ఈ రక్షణ విలువ చిన్నది కాదు.

ఏటా వేయించుకోవలసి రావడానికి కారణాలు రెండు: వైరస్ తన రూపాన్ని మార్చుకుంటూ ఉంటుంది, టీకా ఇచ్చిన రక్షణ నెలలు గడిచేకొద్దీ క్షీణిస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏయే రకాలు చేర్చాలో సిఫారసు చేస్తుంది. టీకా వేయించుకున్నాక తగినన్ని యాంటీబాడీలు తయారు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కనుక ఫ్లూ కాలం మొదలవకముందే వేయించుకోవడం మేలు. ఆలస్యమైనా, వైరస్ ఇంకా వ్యాపిస్తూ ఉన్నంత వరకు ప్రయోజనం ఉంటుంది. ఇచ్చేది ఈ ఏటి టీకాయేనా అని తప్పక అడగాలి. ఇదివరకు నాలుగు రకాల వైరస్‌లతో వచ్చిన టీకా ఇప్పుడు మూడింటితోనే వస్తే నాసిరకమని అనుకోనక్కరలేదు. ఇన్‌ఫ్లుయెంజా బి రకంలోని యమగాటా అనే శాఖ 2020 మార్చి తరువాత ఎక్కడా నిర్ధారణ కాలేదు గనుకనే దాన్ని తొలగిస్తున్నారు.

ఆరు నెలల నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లలకు మొదటిసారి వేయిస్తున్నట్లయితే కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు అవసరమవుతాయి. ముక్కులో పిచికారీ చేసే టీకాలో బలహీనపరచిన సజీవ వైరస్ ఉంటుంది కాబట్టి అది గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి పనికిరాదు. వారు ఇంజెక్షన్‌నే ఎంచుకోవాలి. వృద్ధుల కోసం అధిక మోతాదు టీకాలు కూడా ఉన్నాయి. అవి దొరుకుతాయేమో వైద్యుడిని అడిగి తెలుసుకోవచ్చు.

గతంలో ఫ్లూ టీకా వల్ల తీవ్రమైన అలర్జీ వచ్చినా, టీకా వేయించుకున్న ఆరు వారాలలోపు గియాన్–బరే సిండ్రోమ్ అనే నరాల జబ్బు వచ్చినా ఆ సంగతి ముందే చెప్పాలి. స్వల్పమైన జలుబు అడ్డు కాదు గాని, జ్వరం ఎక్కువగా ఉంటే తగ్గేదాకా వాయిదా వేయడం మంచిది. చాలా టీకాలకు కావలసిన వైరస్‌ను కోడిగుడ్లలో పెంచుతారు కాబట్టి గుడ్డు పడనివారు ఒకప్పుడు భయపడేవారు. తీవ్ర ప్రతిచర్యలు చాలా అరుదని తేలడంతో అమెరికా వంటి దేశాలు వారికి ప్రత్యేక జాగ్రత్తలు అక్కరలేదని ప్రకటించాయి.

ఇంజెక్షన్ సాధారణంగా భుజం కండరంలో వేస్తారు. కొందరికి సూది అంటేనే కళ్లు తిరుగుతాయి కనుక కూర్చునే వేయించుకుని, ఆ తరువాత ఓ పదిహేను నిమిషాలు అక్కడే ఉండాలి. వేసిన చోట నొప్పి, ఎరుపు, వాపు, కొద్దిపాటి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు రావచ్చు. ఇవి సాధారణంగా ఒకటి రెండు రోజులలో సర్దుకుంటాయి. చల్లని తడిగుడ్డ వేయడం, చేతిని కదుపుతూ ఉండడం ఉపశమనమిస్తాయి. అవసరమైతే తగిన మోతాదులో పారాసెటమాల్ వాడవచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

టీకా వల్లే ఫ్లూ వచ్చిందన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇంజెక్షన్‌లో జీవించి ఉన్న వైరస్ ఉండదు కాబట్టి అది ఫ్లూను కలిగించలేదు. అలా అనిపించడానికి, రక్షణ ఏర్పడకముందే వైరస్ సోకడమో, అదే సమయంలో వేరే వైరస్ తగలడమో, టీకాకు శరీరం స్పందించినప్పుడు వచ్చే జ్వరమో కారణమవుతుంది.

తీవ్ర దుష్ప్రభావాలు అసలే లేవనడం మాత్రం నిజం కాదు. ప్రాణాపాయం కలిగించగల అలర్జీ పది లక్షల మోతాదులకు దాదాపు ఒకరిలో కనిపిస్తుంది. గియాన్–బరే సిండ్రోమ్ విషయానికి వస్తే, పది లక్షల మోతాదులకు ఒకటి రెండు కేసులు అదనంగా ఉండవచ్చని అంచనా; ఫ్లూ సోకడం వల్ల కూడా ఈ జబ్బు రావచ్చన్నది ఇక్కడ మరువరాదు. ముఖం లేదా గొంతు వాచినా, ఊపిరి అందకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా వెంటనే అత్యవసర వైద్యం పొందాలి. తరువాతి వారాలలో కాళ్లలో మొదలై పైకి పాకే బలహీనత, తిమ్మిరి కనిపిస్తే జాప్యం చేయకూడదు.

టీకా వేయించుకున్నా ఫ్లూ లక్షణాలు కనిపిస్తే, ముఖ్యంగా ప్రమాదం ఎక్కువున్నవారు వెంటనే వైద్యుడిని కలవాలి. ఒసెల్టామివిర్ వంటి మందులు లక్షణాలు మొదలైన 48 గంటలలోపు ప్రారంభిస్తేనే బాగా పనిచేస్తాయి.