సిరంజితో ఘన, ద్రవ, వాయువుల తేడా చూపించడం ఎలా?

ఘనపదార్థానికి ఆకారం, ఘనపరిమాణం రెండూ స్థిరం. ద్రవానికి ఘనపరిమాణం స్థిరం, ఆకారం పాత్రది. వాయువుకు రెండూ స్థిరం కాదు. నిద్రలో లేపి అడిగినా పిల్లలు ఇది గడగడా అప్పజెప్పేస్తారు. "గాలికి ఘనపరిమాణం స్థిరంగా ఉండదంటే ఏంట్రా?" అనండి, నోరు మెదపరు. చేత్తో నొక్కి చూస్తేగానీ అది ఎక్కదు.

మందుల షాపులో సూది లేకుండా రెండు కొత్త 10 మి.లీ. సిరంజిలు కొనండి. వాడేసినవి వద్దు. 50 మి.లీ.వి అసలే వద్దు, నొక్కడానికి పిల్లల బలం చాలదు. ఇంకా పిల్లలు ఆడుకునే గాజు గోళీ, గ్లాసు, గిన్నె, పిడికెడు బియ్యం, పాత హవాయి చెప్పు ముక్క కావాలి.

గోళీని గ్లాసులో వేసినా గిన్నెలో వేసినా గోళీయే. ఒక సిరంజితో 10 మి.లీ. నీళ్లు కొలిచి గిన్నెలో పోయండి, గ్లాసులోకి ఒంపండి, మళ్లీ సిరంజిలోకి లాగండి. అంటుకుపోయిన చుక్కలు తప్ప అన్నీ తిరిగొస్తాయి.

ఇప్పుడు గాలి. ముందు గాలే, తర్వాతే నీళ్లు. పొడి సిరంజిలో పిస్టన్‌ను 10 దాకా లాగి, మూతిని చెప్పు ముక్కకు గట్టిగా అదిమి, నొక్కండి. సుమారు రెండు కిలోల బరువు మోపితే 5 దాకా దిగుతుంది. గాలిని సగానికి కుదించాలంటే పీడనం రెట్టింపు కావాలి. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం ఇదే. వదిలితే పిస్టన్ వెనక్కి తంతుంది. రబ్బరు రాపిడి వల్ల సరిగ్గా 10కి రాకపోవచ్చు, కంగారు పడకండి. కొందరు బెలూన్ ఊది చూపిస్తారు. బెలూన్లో సాగేది రబ్బరు, పిల్లాడి కళ్లూ దానిమీదే ఉంటాయి. కొలగీతలు ఏవీ?

నూటికి తొంభైమంది చెడగొట్టేది తర్వాతి మెట్టు: నీళ్లను నొక్కడం. నీళ్లు లాగి, అలాగే మూసి నొక్కేస్తారు. పిస్టన్ కాస్త దిగుతుంది. "నీళ్లూ కుదించుకుంటాయి!" అంటాడు పిల్లాడు. కుదించుకున్నది నీళ్లు కాదు, లోపల దాక్కున్న బుడగ. ఒక్క మి.లీ. బుడగున్నా, అదే బలానికి పిస్టన్ అర మి.లీ. దిగిపోతుంది.

అందుకే కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. ఫ్రిజ్ నీళ్లు వద్దు, వేడెక్కే కొద్దీ బుడగలు వదులుతాయి. 10 దాటేలా లాగి, మూతి పైకి పెట్టి, గోటితో టకటకా కొట్టండి. పిస్టన్ రబ్బరు అంచున నక్కిన చిన్న బుడగ చివరిదాకా మొండికేస్తుంది; సిరంజిని కాస్త వంచి, మళ్లీ కొట్టి పైకి పంపండి. మూతి దగ్గర గాలంతా పోయి చుక్క ఉబ్బేదాకా మెల్లగా నెట్టి, అప్పుడే చెప్పు ముక్కకు అదమండి. వేలితో మూయకండి, వేలి కండ మెత్తగా లోపలికి పోతుంది. మూతి ఎవరి ముఖం వైపూ ఉండకూడదు, జారిందంటే కళ్లలోకి చిమ్ముతుంది.

ఇప్పుడు నొక్కండి. గోడను నొక్కినట్టే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలితే అది రబ్బరు అణగడమే. అంతకన్నా కదిలిందా? మళ్లీ మొదలెట్టండి.

ఆఖర్న ఎవడో ఒకడు "మరి బియ్యం గ్లాసు ఆకారంలోకి వస్తాయిగా, ద్రవమా?" అని అడిగి తీరతాడు. బియ్యాన్ని పళ్లెంలో పోయించండి: కుప్పగా నిలుస్తాయి, నీళ్లలా పరుచుకోవు. ఒక్క గింజ తీసి వాడి అరచేతిలో పెట్టండి.