ఎలక్ట్రాన్, పాజిట్రాన్ గుద్దుకుంటే హాడ్రాన్లు ఎంత రేటుతో పుడతాయి? చేత్తో లెక్క వేసేదెట్ల

అనంతపురంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఉగ్గాని బజ్జీ తింటా తింటా ఆ నూనె కాయితం మీదే ఈ లెక్క ఫస్ట్ టైమ్ వేసినా, తప్పొచ్చింది, ఎందుకో కింద చెప్తా. కంప్యూటర్ ఏం అక్కర్లేదు, భిన్నాలు కూడేది వస్తే చాలు.

ఫస్ట్, కనుక్కోవాల్సింది ఆర్ అనే నంబర్. ఎలక్ట్రాన్, దాని ప్లస్ చార్జీ జోడు పాజిట్రాన్ గుద్దుకున్నప్పుడు హాడ్రాన్లు (క్వార్కులతో కట్టిన ప్రోటాన్ లాంటి కణాలు) పుట్టే రేటుని మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువెక్కువ) జత పుట్టే రేటుతో భాగిస్తే వచ్చేదే ఆర్. కామన్‌గా ఉండేదంతా కొట్టేసుకుపోయి క్వార్కుల చార్జీలు మిగుల్తాయి, అంతే.

తర్వాత గుద్దుకునే రెండింటి మొత్తం ఎనర్జీ చూసుకోండి, దాన్ని జీఈవీ (వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) లెక్కన కొలుస్తారు. 3 జీఈవీ లోపల అప్, డౌన్, స్ట్రేంజ్ అనే మూడు రకాల క్వార్కులే పుడతాయి. 4 దాటినాక చార్మ్, 11 దాటినాక బాటమ్ కలుస్తాయి. టాప్‌కి 340 పైనే కావాల, దాన్ని వదిలేయండి.

ఇప్పుడు చార్జీల వర్గాలు కూడండి. అప్ చార్జీ 2/3 కాబట్టి వర్గం 4/9, డౌన్‌కి, స్ట్రేంజ్‌కి -1/3 కాబట్టి చెరో 1/9, మొత్తం 2/3. నేను ఇక్కడే ఆపేసి టీ చెప్పినా. పక్కన సీనియర్ అన్న కాయితం లాక్కుని "కలర్ యాడబెట్టినావు రా?" అన్నాడు. కలర్ అంటే రంగు కాదు, క్వార్కులకుండే ఒక రకం చార్జీ, ప్రతి క్వార్కూ మూడు కలర్లలో పుడుతుంది కాబట్టి 3తో గుణించాల, అప్పుడు 2. కొలిచి చూసినా 2 చుట్టుపక్కలే వస్తుంది గానీ 2/3 రాదు, కలర్లు మూడే అనేదానికి ఇంతకన్నా సింపుల్ సాక్ష్యం నాకైతే కనపడలే. చార్మ్‌కి అప్ చార్జీనే, బాటమ్‌కి డౌన్ చార్జీనే, కాబట్టి చార్మ్ కలిస్తే 10/3, బాటమ్ కూడా కలిస్తే 11/3.

లాస్ట్‌లో గ్లూయాన్ (క్వార్కుల్ని అతికించే కణం) సవరణ. ఆల్ఫా ఎస్‌ని, అంటే ఆ అతికించే బలం ఎంతో చెప్పే నంబర్‌ని, పై (3.14)తో భాగించి, 1 కలిపి, దాంతో ఆర్‌ని గుణించండి. 8 జీఈవీ దగ్గర ఆల్ఫా ఎస్ 0.19 అనుకుంటే 10/3 కాస్తా 6 శాతం పెరిగి ఆర్ 3.53 అవుతుంది. అసలు రేటు కావాలంటే 86.8ని ఎనర్జీ వర్గంతో, అంటే 64తో భాగిస్తే మ్యూయాన్లది 1.36 నానోబార్న్ (ఇట్లాంటి రేటు కొలిచే యూనిట్), దాన్ని 3.53తో గుణిస్తే హాడ్రాన్లది సుమారు 4.8.

ఈ లెక్కని 3.1 దగ్గరగానీ 9.46 దగ్గరగానీ వాడొద్దప్పా. 1974 నవంబర్‌లో దొరికిన జే/సై, 1977లో దొరికిన అప్సిలాన్ అనే కణాలు అక్కడే ఉన్నాయి, రేటు ఒక్కసారి కొండంత లేస్తుంది. 91 దగ్గర జెడ్ అనే కణం కూడా అంతే, మధ్యలో ఫోటాన్ (వెలుతురు కణం) ఒక్కటే ఉందనుకునే ఈ లెక్క అక్కడ సరిపోదు, వేరే ఫార్ములా పట్టుకోవాల.