మిర్చి సీజన్ మొదలయ్యే ముందు డొక్కల సంగతి కాస్త చూసుకోండి

సంక్రాంతి దాటాక గుంటూరు మిర్చి యార్డుకి కొత్త కాయ రాక ఊపందుకుంటుంది. అక్కణ్ణుంచి ఏప్రిల్ దాకా హమాలీలకి ఊపిరాడదు. నడుం పట్టేసిందంటే అందరూ అయ్యో అంటారు. అదే డొక్కలో పట్టేసిందంటే మాత్రం "గ్యాసేలే, సోడా తాగు" అని తేల్చేస్తారు. నాకు భయం వేసేది ఈ మాటకే.

పక్కటెముకలు మొత్తం 12 జతలు. పై ఏడు జతలు మెత్తటి ఎముకతో నేరుగా రొమ్ము ఎముకకి అతుక్కుంటాయి. అట్టడుగు రెండు జతలకి ముందువైపు ఏ ఆధారమూ ఉండదు. ఈ పక్కటెముకలన్నిటి మధ్యా పల్చటి కండరాలు. దెబ్బ తగిలితే కమిలేవీ, మెలిక పడితే బెణికేవీ ఎక్కువగా ఇవే. చెయ్యి బెణికితే కదపకుండా కూర్చోవచ్చు. ఊపిరి మానుకోలేం కదా! నిమిషానికి 12 నుంచి 20 సార్లు డొక్క కదలాల్సిందే. అందుకే ఎముక విరక్కపోయినా నొప్పి కొన్ని వారాలు సతాయిస్తుంది.

టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఒక్కోటి నలభై కిలోల పైమాటే. దాన్ని నెట్టు మీదకి, అంటే బస్తాల దొంతర మీదకి, వేసేటప్పుడు గమనించండి. కాళ్లు నేలలో పాతినట్టు ఉంచి, ఊపిరి బిగబట్టి, నడుం పైభాగాన్ని మాత్రం గిరుక్కున తిప్పుతారు. డొక్క కండరం చిరిగేది ఆ తిప్పుడులోనే. పాదాలతో సహా తిరగండి, బస్తాని ఒంటికి దగ్గరగా పట్టుకోండి, ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. పొద్దున్నే మొదటి లోడుకి ముందు ఐదు నిమిషాలు భుజాలు, నడుం ఆడించండి. నెట్టు వంకరగా ఉంటే దాని పక్కన నిలబడొద్దు, పైనుంచి జారిన టిక్కీ డొక్కనే చూసుకుని తగులుతుంది.

బరువు జోలికి పోనివాళ్లకీ ఈ నొప్పి వస్తుంది, దగ్గుతో. ల్యాబుల్లో దగ్గు ఎలా పుడుతుందో పరీక్షించడానికి మనిషికి పీల్పించే పదార్థం మన మిరపకాయలోని కాప్సైసినే. ఇక బాగా ఘాటుండే తేజ రకం కాయ రాశి పక్కన రోజంతా కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ల సంగతి చెప్పాలా? ఆగని దగ్గుకి డొక్క కండరాలు బెణుకుతాయి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకైతే పక్కటెముక చిట్లనూ వచ్చు. చీర కొంగు చాలదు, ముక్కుకి బిగుతుగా పట్టే మాస్కు కావాలి. గాలి ఎటునుంచి వస్తుందో అటు వీపు పెట్టి కూర్చోవాలి.

దెబ్బ తగిలాక మనవాళ్లు చేసే మొదటి పని ఛాతీ చుట్టూ తువ్వాలు బిగించడం. అది వద్దు. కట్టు బిగిస్తే ఊపిరి పైపైనే ఆడుతుంది, కఫం లోపలే నిలిచి న్యుమోనియాకి దారి తీస్తుంది. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున పెట్టండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పది నిండు ఊపిరులు తీయండి. దగ్గొస్తే దిండుని నొప్పి దగ్గర అదిమి పట్టుకుని దగ్గండి, ఆపుకోవద్దు. బీడీ మానండి. పారాసిటమాల్ చాలామందికి సరిపోతుంది. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా వేరే నొప్పి బిళ్లలు మింగొద్దు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదంటే చిట్లలేదని కాదు, సన్నటి పగుళ్లు అందులో దొరక్కపోవచ్చు. అయినా వైద్యం దాదాపు ఇదే.

నొక్కితే నొప్పి, మెలి తిరిగితే నొప్పి అంటే అది చాలావరకు డొక్క గోడదే. కానీ దాన్నే పట్టుకుని గుండెని కొట్టిపారేయకూడదు. ఛాతీ బరువెక్కడం, చెమటలు, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకడం, ఆయాసం, ఇవి కనిపిస్తే సోడా కోసం వెతక్కుండా 108 కి ఫోన్ చెయ్యండి. దెబ్బ తగిలాక ఊపిరి అందకపోయినా, కఫంలో రక్తం పడినా, కడుపులోనో భుజం కొసనో నొప్పి లేచినా అంతే. జ్వరంతో పసుపు పచ్చ కఫం వస్తుంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మళ్లీ ఎప్పుడు బరువెత్తాలి? గట్టిగా దగ్గి చూడండి, రెండు పక్కలకీ తిరిగి చూడండి. చురుక్కుమనకపోతే ముఠా మేస్త్రీతో చెప్పి మొదటి వారం జోడీతోనే ఎత్తండి. కూలి కాస్త తగ్గుతుంది, నిజమే. సగం మానిన డొక్కతో మళ్లీ మంచం ఎక్కితే సీజన్ మొత్తం పోతుంది.