సుగ్గికి బండెక్కే ముందే మాతృ వందన దరఖాస్తు పెట్టండి

కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఊళ్లలో సొంత చేను పని తగ్గగానే జనం మిరప కోతలకు గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. కొత్తగా పెళ్లయినవాళ్లూ పోతారు, మూడో నెల, నాలుగో నెల గర్భిణులూ పోతారు. అలా పోయిన ఆడబిడ్డలకు తప్పిపోతున్న డబ్బు ఒకటి ఉంది. అదే ప్రధానమంత్రి మాతృ వందన యోజన. బండెక్కే ముందు ఒక్క పూట కేటాయిస్తే దరఖాస్తు పని అయిపోతుంది.

తొలి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తారు. గర్భం నమోదై, కనీసం ఒక్కసారి గర్భిణి ఆరోగ్య పరీక్ష జరిగాక 3,000. బిడ్డ పుట్టుక నమోదై, మూడున్నర నెలల వరకు వేసే తొలి విడత టీకాలు పూర్తయ్యాక మిగతా 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి వస్తాయి. అయితే ఆ రెండో గర్భాన్ని కూడా కాన్పుకు ముందే నమోదు చేయించి ఉండాలి. మగపిల్లాడైతే రావేమో అని ముందే వదిలేసేవాళ్లు ఉన్నారు, అలా చేయకండి.

డబ్బు ఎక్కడిదో కూడా తెలిసి ఉండాలి. మన రాష్ట్రంలో ప్రతి 100 రూపాయల్లో 60 కేంద్రానివి, 40 రాష్ట్రానివి. పథకం కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖది. దీని వెనక చట్టం ఉంది. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి 6,000కు తగ్గకుండా ఇవ్వాలని చెప్పింది. పథకం మాత్రం 2017 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ తొలి కాన్పుకు 5,000తో. మిగతాది ఆసుపత్రి కాన్పుకు ఇచ్చే జననీ సురక్ష డబ్బుతో సరిపోతుందని లెక్క వేశారు. మన దగ్గర పల్లె పేదలకు ఆ డబ్బు 700 రూపాయలే. రెండూ కలిపినా చట్టం చెప్పిన మొత్తం కాదు. నా దృష్టిలో ఇది అన్యాయమే. కూలి పోగొట్టుకుని ఇంట్లో విశ్రాంతి తీసుకునే తల్లికి బదులుగా ఇచ్చే డబ్బు ఇది, దయాధర్మం కాదు. అందుకే వచ్చేదాన్నయినా పోగొట్టుకోవద్దని ఇంతగా చెబుతున్నా.

బియ్యం కార్డు, ఉపాధి పనుల జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఆయుష్మాన్ కార్డు, కిసాన్ సమ్మాన్ లబ్ధి వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్హత ఉన్నట్టే. ఎస్సీ, ఎస్టీ మహిళలకు, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు కూడా వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి జీతంతో ప్రసూతి సెలవు తీసుకునేవాళ్లకు మాత్రం రాదు.

ఇక దరఖాస్తు. మీ ఊరి ఆశాను గానీ, ఏఎన్ఎంను గానీ కలవండి. గర్భిణి ఆధార్, తల్లీబిడ్డ కార్డు, అర్హత చూపే కార్డు, మొబైల్ ఫోన్ తీసుకుపోండి. చివరి నెలసరి తేదీ అడుగుతారు. తల్లీబిడ్డ కార్డులో రాసిన తేదీనే చెప్పండి, గడువు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. తొలి కాన్పుకు ఆ తేదీ నుంచి 570 రోజుల్లోపు, రెండో ఆడపిల్లకు బిడ్డ పుట్టిన 270 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. భర్త ఆధార్ తప్పనిసరి కాదు, కాబట్టి ఒంటరి తల్లులు వెనకాడాల్సిన పని లేదు. చదువుకున్నవాళ్లు పథకం వెబ్‌సైట్‌లో ఓటీపీతో సొంతంగానూ పెట్టుకోవచ్చు. దరఖాస్తుకు రుసుము లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

ఎక్కువమందికి చిక్కు వచ్చేది బ్యాంకు దగ్గరే. మీరు పాస్‌బుక్ చూపించిన ఖాతాలోకే డబ్బు వస్తుందని అనుకోకండి. ఆధార్‌కు ఆఖరున ఏ ఖాతా లింక్ అయ్యిందో దాంట్లోకే పోతుంది. మా చెల్లెలికి ఇదే జరిగింది. కాలేజీలో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన పాత ఖాతాకు ఆధార్ లింక్ ఉండిపోయింది. మొదటి విడత దాంట్లో పడింది, ఖాతా వాడకంలో లేక స్తంభించింది. బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగాం. చంకలో బిడ్డతో ఆ ఎండలో బస్సెక్కి దిగిన టెన్షన్ ఇంకా గుర్తుంది. కాబట్టి మొదట బ్యాంకుకు పోయి, "నా ఆధార్ డీబీటీ కోసం ఏ ఖాతాకు లింక్ అయ్యి ఉంది?" అని ఇవే మాటల్లో అడగండి. డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతి. కేవైసీ (ఖాతాకు గుర్తింపు పత్రాలు) ఇచ్చాం కదా అని ఊరుకోకండి, అది వేరు, డీబీటీ లింకు వేరు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఖాతాలో అత్తింటి ఇంటిపేరు ఉంటే అది కూడా ముందే సరిచేయించుకోండి.

తొలి కాన్పుకు పుట్టింటికి పోవడం మన ఆనవాయితీ. ఆదోనిలో కాపురం, కాన్పు పత్తికొండలో అయినా ఇబ్బంది లేదు, తల్లీబిడ్డ కార్డు మాత్రం వెంట ఉండాలి. సుగ్గిలో ఉన్నప్పుడు టీకా రోజు వస్తే అక్కడి ఆరోగ్య కేంద్రంలో వేయించి, కార్డులో రాయించుకోండి. ఊరికొచ్చాక ఆ కార్డు, పుట్టుక సర్టిఫికెట్ మీ ఏఎన్ఎంకు చూపిస్తేనే రెండో విడత కదులుతుంది. ఫోన్ నంబరు మార్చకండి, మెసేజ్‌లన్నీ దానికే వస్తాయి.

గర్భం నిలవకపోయినా, బిడ్డ చనిపోయి పుట్టినా ఆ తల్లి హక్కు పోదు. తర్వాతి గర్భానికి ఆమెను మళ్లీ కొత్త లబ్ధిదారుగానే చూస్తారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అంత బాధలో ఉన్న మనిషికి తెలిసినవాళ్లే మెల్లగా చెప్పాలి.

పై అధికారి ఆమోదించాకే డబ్బు జమవుతుంది. ఆలస్యమైతే దరఖాస్తు ఎక్కడ ఆగిందో వెబ్‌సైట్‌లో చూడొచ్చు.